బంగారం మనది... బ్రేకు మాటెత్తకూడదా?

"అక్కా, నువ్వు కథలు రాసుకో. కార్ల గొడవ నీకెందుకు చెప్పు?"

మా తమ్ముడు ఆ మాట వెటకారంగా అనలేదు. ప్రేమగానే అన్నాడు. నేనూ నవ్వేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. సరిగ్గా ఐదు వారాల తర్వాత ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని, ఆ నవ్వు తలుచుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ రోజు నవ్వకుండా ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే? వాడు మొహం చిట్లించుకున్నా సరే, "బ్రేకుల సంగతేం చేశావురా?" అని నిలదీసి ఉంటే?

ఇది కార్ల గురించి రాస్తున్న వ్యాసం. ఆడవాళ్ల పేజీలో కార్ల గోలేమిటని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో మన గాజులున్నాయి. మన పిల్లలున్నారు. పుట్టినప్పటినుంచీ మనం వింటున్న "నీకేం తెలుసు" అన్న మాట ఉంది. ఇంకా మనకు సంబంధం లేదంటారా?

నాన్న హెరాల్డు

మా నాన్నగారు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. 1984లో మద్రాసులో ఒక డాక్టరు గారి దగ్గర పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారు కొన్నారు. అప్పటికే దానికి పదిహేడేళ్లు. బ్రిటన్‌లో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన హెరాల్డ్‌ను 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారు చేసేది. అంబాసిడర్లూ, ఫియట్లూ తప్ప మరోటి కనపడని రోజుల్లో రెండే తలుపులతో, వెనక చిన్న రెక్కల్లాంటి అంచులతో అది మా వీధికే అందం.

దాని బానెట్ అన్ని కార్లలా తెరుచుకోదు. ముందు భాగమంతా, మడ్‌గార్డులతో సహా, ఒక్కసారిగా ముందుకు వంగిపోతుంది. ఇంజను చుట్టూ ఎక్కడైనా నిలబడొచ్చు. అలిసిపోతే ముందు టైరు మీద కూర్చుని కూడా పని చేసుకోవచ్చు. ఆదివారం పొద్దున్నే నాన్న బానెట్ వంచేవారు. తమ్ముడు పానాలు అందించేవాడు. నేను పక్కన నిలబడితే, "టీ పట్రా తల్లీ" అనేవారు. నాన్న చెడ్డవారు కాదు. నన్ను బి.ఎస్సీ. చదివించారు. కానీ షెడ్డులో ఆడపిల్లకి ఉన్న పని టీ తేవడం ఒక్కటేనని ఆయనా అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

అయినా చెవులకి అడ్డేముంది? ట్యాపెట్లు వదులైతే ఎలా టిక్కుటిక్కుమంటుందో, పెట్రోలు ఎక్కువ పోతుంటే ఇంజను ఎలా గొంతు బొంగురు చేసుకుంటుందో టీ గ్లాసులు పట్టుకుని నిలబడే నేర్చుకున్నాను. ఆ విద్యతో పనిపడుతుందని మాత్రం అనుకోలేదు.

నాన్న పోయి ఆరేళ్లయింది. కారు టార్పాలిన్ కింద ఉండిపోయింది. రెండేళ్ల కిందట తమ్ముడికి ఓ ఆలోచన వచ్చింది. ట్రయంఫ్ వాళ్లే 1962లో స్పిట్‌ఫైర్ అని ఓ స్పోర్ట్స్ కారు తెచ్చారు. దాని అడుగు చట్రం హెరాల్డ్ చట్రాన్ని కురచ చేసి తయారు చేసిందే. రెండు కార్లకీ ఆకారం గీసింది ఒకే ఇటలీ ఆయన, జొవాన్ని మికెలొట్టి. అంటే మా నాన్న కారు, ఆ స్పోర్ట్స్ కారు తోబుట్టువులన్నమాట! "అక్క దగ్గర ఉన్నది చెల్లెలికి పట్టదా? నాన్న బండిని స్పిట్‌ఫైర్‌లా పరిగెత్తిస్తా చూడు" అన్నాడు మా వాడు.

ఇంజనుకి బలం ఎలా పెంచుతారు?

కాస్త ఓపిక పట్టండి, వంటింటి భాషలోనే చెబుతాను.

ఇంజనంటే పొయ్యి. గాలీ, పెట్రోలూ కలిపి లోపలికి పీల్చుకుని, గట్టిగా నొక్కి, నిప్పురవ్వతో మండించి, పొగ బయటికి వదిలేస్తుంది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి దాదాపు 15 పాళ్ల గాలి కావాలి. బలం పెంచాలంటే ప్రతిసారీ ఎక్కువ గాలి, దానికి తగినంత పెట్రోలు లోపలికి పంపాలి. అందుకే ఒక కార్బరేటర్ తీసేసి రెండు పెడతారు. గాలి వెళ్లే దారుల్లో పోతపోసినప్పుడు మిగిలిన గరుకుని సానబెట్టి నున్నగా చేస్తారు. పొగ త్వరగా పోయేలా సైలెన్సర్ గొట్టం మారుస్తారు. కవాటాలు ఎంతసేపు తెరుచుకుని ఉండాలో నిర్ణయించే క్యామ్ షాఫ్ట్ మారుస్తారు. ఇంజను హెడ్డు అడుగుభాగాన్ని మిషను మీద సన్నగా చెక్కిస్తారు. అప్పుడు లోపలి జాగా తగ్గి, గాలీ పెట్రోలూ మరింత గట్టిగా నొక్కుకుంటాయి. మరీ ఎక్కువ చెక్కేశారనుకోండి, పెట్రోలు సమయం కాకుండానే భగ్గుమని, లోపల ఎవరో గోళీలు గిలకొట్టినట్టు చప్పుడు వస్తుంది. అలాగే నడిపితే పిస్టన్లు పాడైపోతాయి.

ఇదంతా మంచి పనితనమే. నేను తక్కువ చెయ్యను. లేతు మిషను ముందు నిలబడి, వెంట్రుకవాసి తేడాని వేలి కొసతో పట్టుకునే మేస్త్రీని చూస్తే నాకు మా అమ్మమ్మ జంతికల పిండి పాకం చూడడం గుర్తొస్తుంది. మద్రాసు దగ్గర షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీద మనవాళ్లు ఏళ్ల తరబడి మామూలు కార్లనే విప్పి, మార్చి పందేలు ఆడారు. కోయంబత్తూరులో కరివర్ధన్ గారు మారుతి ఇంజన్లతో సామాన్యులకు అందే రేసు కార్లు కట్టారు. ఆ ఊళ్లోని కరి స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టుకున్నారు. విదేశాల్లో అరవై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కార్లకి కావలసిన భాగాలు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. చేత్తో విప్పి చూడనివాడికి ఇంజను ఎప్పటికీ అర్థం కాదు. కాబట్టి "పాత కార్లతో వేషాలేమిటి" అని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది.

నా పేచీ ఇంకోటి కూడా ఉంది. అది మా తమ్ముడితో.

మరదలి గాజులు

రెండు కార్బరేటర్లు, హెడ్డు పని, గొట్టాలు, వెడల్పాటి చక్రాలు... మొత్తం లక్షా ఎనభై వేలు తేలింది. వాడి దగ్గర లక్ష ఉంది. మిగతాదానికి మా మరదలు నాలుగు గాజులు తీసిచ్చింది. "ఆయన ముచ్చట వదినా, కాదంటే మొహం చిన్నబుచ్చుకుంటారు" అంది. ఆ గాజులు దాని పుట్టింటివాళ్లు పెట్టినవి.

గాజులు ఇచ్చింది కదా, ఆ డబ్బుతో ఏం కొంటున్నారని అడిగిందా? లేదు. అడగాలని తోచలేదట. తోచినా ఏమని అడుగుతుంది? కార్బరేటరంటే ఏమిటో, క్యామ్ షాఫ్టంటే ఏమిటో ఎవరూ దానికి చెప్పలేదు. ఇంట్లో మిక్సీ కొంటే ఎన్ని జార్లు, ఎన్నేళ్ల గ్యారంటీ అని పది ప్రశ్నలు వేస్తుంది. అదే మనిషి ఎనభై వేల బంగారం కళ్లు మూసుకుని ఇచ్చేసింది. ఇది మా ఇంటి కథ ఒక్కటేనా చెప్పండి?

నేను అడిగాను. ఒక్కసారే. "ఇంత బలం పెంచావు కదా, మరి ఆపేదేమిట్రా?" అన్నాను. అప్పుడే వాడు "నువ్వు కథలు రాసుకో" అన్నది. బండి తయారు చేసిన షెడ్డు ఆయన కూడా, "బ్రేకులు బాగానే ఉన్నాయండీ అమ్మగారూ, కంపెనీవే" అన్నాడు. కంపెనీవే. కాదనను. కానీ కంపెనీ ఆ బ్రేకులు పెట్టింది 948 సీసీల ఇంజనుకి, 35 గుర్రాలకు అటూ ఇటూగా ఉండే బలానికి!

ఆ మలుపు

ఓ ఆదివారం వాడు కాలవగట్టు రోడ్డు మీదికి బండి తీశాడు. మా అమ్మాయికి పదహారేళ్లు. మావయ్య పక్కన కూర్చుని వెళ్లాల్సింది. ట్యూషన్ ఉందని నేనే ఆపాను. అంతకుమించి నా గొప్పేం లేదు.

మలుపు దగ్గర వేగం ఎక్కువైందనిపించి వాడు యాక్సిలరేటర్ మీంచి చటుక్కున కాలు తీసేశాడు. ఎవరైనా అదే చేస్తారు. కారు వెనక భాగం ఒక్కసారిగా పక్కకి కొట్టుకుపోయింది. బండి అడ్డం తిరిగి మురుగు కాలవలోకి దిగింది. భుజం దగ్గర ఎముక విరిగింది. నుదుటి మీద ఏడు కుట్లు. అటువైపు నుంచి ఒక్క సైకిలు వస్తున్నా ఇవాళ ఈ వ్యాసం రాసే మొహం నాకుండేది కాదు.

"బండి దయ్యంలా తిరిగిందక్కా, నేనేం చెయ్యలేదు" అన్నాడు ఆసుపత్రిలో. ఆ రాత్రి మా అమ్మాయి నాన్నగారి పాత ట్రంకు పెట్టె విప్పింది. అందులో ఆయన దాచుకున్న మరమ్మతుల పుస్తకం ఉంది. మర్నాడు తాతగారి పాఠం నాకు అది చెప్పింది.

హెరాల్డులో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉండవు. మధ్యలో ఉన్న గేరు డబ్బా దగ్గర అటో సగం, ఇటో సగం ఇరుసు కీలు మీద ఆడుతుంటాయి. పైన అడ్డంగా ఒకటే కమాను కట్ట. గుంటల రోడ్డు మీద ఇది హాయిగా ఉంటుంది. కానీ వేగంగా మలుపు తిరుగుతూ చటుక్కున కాలు తీసేస్తే బరువంతా ముందుకి వంగి, వెనక భాగం పైకి లేస్తుంది. అప్పుడు చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. టైరు రోడ్డుని పూర్తిగా తొక్కకుండా అంచు మీద నిలబడుతుంది. పట్టు పోతుంది. వెనక భాగం ముందుకొస్తుంది.

దయ్యం లేదు, ఏమీ లేదు. ఆ కారు స్వభావమే అది. అసలు స్పిట్‌ఫైర్‌కీ ఇదే జబ్బు ఉండేది. 1962లో వచ్చిన కారుకి కమాను కట్టని మార్చి దాన్ని కుదురు చేసింది 1970లో. కంపెనీవాళ్లకే ఎనిమిదేళ్లు పట్టింది! ఇంకో మాట. స్పిట్‌ఫైర్‌లో ఇంజనుని 1147 సీసీకి పెంచి, రెండు కార్బరేటర్లు పెట్టి, 63 గుర్రాల బలం ఇచ్చినప్పుడు వాళ్లు ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు కూడా ఇచ్చారు. మా వాడు స్పిట్‌ఫైర్‌లోని కార్బరేటర్లు చూశాడు, బ్రేకులు చూడలేదు. పరుగెత్తేది కంటికి కనపడుతుంది. ఆపేది కనపడదు.

ఫిజిక్సు చదివినవాళ్లకి ఒక లెక్క గుర్తుంటుంది. వేగం రెట్టింపైతే, ఆపడానికి ఖర్చు చెయ్యాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. ఆ శక్తంతా బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. పాతకాలం డ్రమ్ము బ్రేకులు వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి లోపలి షూలకి దూరం జరుగుతుంది. లైనింగు పట్టు తగ్గుతుంది. పెడలు లోపలికి పోతుంది, బండి ఆగదు. ఫిజిక్సు లెక్చరరు కొడుక్కి ఈ లెక్క తెలీక కాదు. అడిగేవాళ్లు లేక. అడిగినదాన్ని వినక.

చెప్పులు కుట్టే అతని చేత బ్రేకు కుట్టించిన ఇల్లాలు

కారుకి మొట్టమొదట మెరుగులు దిద్దింది ఎవరో తెలుసా? జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు. భర్త కార్ల్ బెంజ్ పెళ్లికి ముందు పెట్టిన కార్ఖానా మునిగిపోయే స్థితిలో ఉంటే, తన కట్నం సొమ్ము ముందుగానే తెప్పించి ఆదుకుంది. అవును, అక్కడా కట్నమే! 1886లో ఆయన మోటారు బండికి పేటెంటు వచ్చింది. కానీ జనం కొనలేదు. 1888 ఆగస్టులో ఆవిడ భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. వంద కిలోమీటర్లకి పైగా దూరం. పెట్రోలు బంకులు లేవు, మందుల షాపులో ఇంధనం కొంది. గొట్టం అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచింది. కొండ దిగుతుంటే చెక్క బ్రేకులు అరిగిపోయాయి. దారిలో చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు కొట్టించింది. ఎత్తుల దగ్గర పిల్లలు బండి తోశారు. ఇంటికొచ్చాక ఇంకో గేరు కావాలని చెప్పింది, ఆయన చేర్చాడు.

చూశారా? సొమ్ము పెట్టింది, నడిపింది, లోపం కనిపెట్టింది, బాగు చేయించింది. ఆ దారిలో ఆవిడ దిద్దిన మెరుగు బ్రేకుకే!

ఇంకో ఆవిడ బియాట్రిస్ షిల్లింగ్. ఇంగ్లండు. 1909లో పుట్టింది. పద్నాలుగేళ్లకే మోటారు సైకిలు కొనుక్కుని విప్పి బిగించడం మొదలుపెట్టింది. మాంచెస్టర్‌లో ఇంజనీరింగు చదివింది. 1930లలో తను సొంతంగా సరిచేసుకున్న నార్టన్ మోటారు సైకిలు మీద బ్రూక్లాండ్స్ ట్రాకులో గంటకి 170 కిలోమీటర్ల వేగం అందుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు యుద్ధ విమానాలకి ఓ చిక్కొచ్చింది. వాటిలో ఒకదాని పేరూ స్పిట్‌ఫైరే. చటుక్కున ముక్కు కిందికి వంచగానే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగినంత పని చేసేది. కార్బరేటర్లోకి పెట్రోలు వరదలా రావడమే కారణం. 1941లో షిల్లింగ్ సరిగ్గా కొలత చూసి రంధ్రం పెట్టిన చిన్న ఇత్తడి భాగాన్ని తయారు చేసింది. పెట్రోలు కావలసినంతే వచ్చింది. ఆ బుల్లి ముక్కతో పైలట్లు ఊపిరి పీల్చుకున్నారు. యుద్ధం తర్వాత భార్యాభర్తలిద్దరూ ఆస్టిన్ హీలీ స్ప్రైట్ స్పోర్ట్స్ కారుతో పందేల్లో పాల్గొన్నారు.

1962లో మినీ కూపర్ అనే బుల్లి కారుకి మొదటి పెద్ద అంతర్జాతీయ ర్యాలీ విజయం తెచ్చిపెట్టిందీ ఆడదే, ప్యాట్ మాస్. హాలెండులో జరిగే ట్యులిప్ ర్యాలీలో. మామూలు మినీని మార్చి కూపర్‌గా తయారు చేసినప్పుడు కూడా రెండు కార్బరేటర్లతో పాటు ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు ఇచ్చారని గమనించండి. తెలిసినవాళ్లు ఎవరూ బలం ఒక్కటే పెంచరు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, "ఆడవాళ్లకి మిషన్ల సంగతేం తెలుసు" అనేవాళ్లకి జవాబు కావాలి కదా!

మనకి కారు లేదంటారా?

పాత స్పోర్ట్స్ కార్లు డబ్బున్నవాళ్ల ముచ్చట, మన ఇళ్లలో అంత లేదని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. మీ వీధిలో రాత్రి పదకొండుకి గుండెలదిరేలా వెళ్లే మోటారు సైకిలు సంగతేమిటి? 1996 దాకా తయారైన ఆ పాత యమహా ఆరెక్స్ హండ్రెడ్‌ల కోసం ఇప్పటికీ కుర్రాళ్లు పడిచస్తారు. సైలెన్సర్ పీకేస్తారు, ఇంజను గీకిస్తారు. అమ్మ చీటీ డబ్బులిస్తుంది, నాన్నకి తెలియకుండా. అలాంటి సైలెన్సర్లను పోలీసులు కుప్పపోసి రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. కారైనా, బండైనా కథ ఒక్కటే. చప్పుడు పెరిగితే బలం పెరిగినట్టు కాదు. బలం పెరిగితే సరిపోదు.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది తెచ్చిన సవరణ ప్రకారం యజమాని అలా మారిస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర చిక్కు సరేసరి. యాభై ఏళ్లు దాటిన బండ్లకి 2021 జులై నుంచి వింటేజ్ రిజిస్ట్రేషను ఇస్తున్నారు. కానీ చట్రం, బాడీ, ఇంజను పెద్ద మార్పులేవీ లేకుండా మొదటి రూపంలోనే ఉండాలి. అంటే మా వాడు లక్షా ఎనభై వేలు పోసి ఆ గౌరవం కూడా పోగొట్టుకున్నాడన్నమాట!

మరి ఈ విద్య పనికిరాదా? ఎందుకు పనికిరాదు? దానికి చోటు వేరే ఉంది. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాకులున్నాయి. అక్కడ హెల్మెట్లుంటాయి, తనిఖీలుంటాయి, ఎదురుగా బడికెళ్లే పిల్లలుండరు. వేగం చూడాలనుకుంటే అక్కడ చూడాలి. మన కాలవగట్టు మీద కాదు.

అడుగుదాం

అక్కలూ, చెల్లెళ్లూ! "వద్దు" అని ఏడవమని నేను చెప్పడం లేదు. వద్దంటే వాళ్లు మనకి చెప్పకుండా చేస్తారు. అడగమంటున్నాను. బంగారం ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆసుపత్రి వరండాలో కూర్చోవలసింది మనమే కదా. ఆ హక్కు చాలదూ అడగడానికి?

బలం ఎంత పెంచుతున్నావు, బ్రేకులు ఎంత పెంచావు? టైర్లు, కమాన్లు ఆ వేగానికి తగ్గవేనా? మారుస్తున్న సంగతి రిజిస్ట్రేషను కాగితానికీ, ఇన్సూరెన్సుకీ సరిపోతుందా? పని చేసే మేస్త్రీ ఇంతకుముందు అలాంటి బండి చేశాడా, నువ్వు వెళ్లి చూశావా? పూర్తయ్యాక ఎక్కడ నడుపుతావు, పక్కన ఎవర్ని కూర్చోబెట్టుకుంటావు? ఈ ఐదు ప్రశ్నలకి సూటిగా జవాబు చెప్పగలిగినవాడి చేతికి గాజులు ఇవ్వొచ్చేమో. "నీకెందుకు" అన్నవాడికి మాత్రం ఇవ్వకండి. జవాబు తెలియనివాళ్లే ఎక్కువగా అనే మాట అది.

అడగాలంటే కొంచెం తెలుసుకోవాలి. కష్టమేం కాదు. సాంబారులో పులుపెక్కువైతే వాసన చూసి చెప్పగలం. కుక్కరు విజిలు తేడాగా వస్తే వాషరు పోయిందని పక్క గదిలోంచే చెబుతాం. అవే చెవులూ, అదే ముక్కూ ఇంజను దగ్గర పనిచెయ్యవా? ముందు మన ఆడపిల్లల్ని షెడ్డు గుమ్మం దాటనివ్వండి, టీ గ్లాసులు లేకుండా.

మా కారు మళ్లీ నిలబడింది. పాత కార్బరేటరు, పాత హెడ్డు వెతికి తెచ్చి ఎలా ఉండేదో అలా బిగించారు. ఈసారి పని బ్రేకుల నుంచి మొదలైంది. కొత్త లైనింగులు, కొత్త పైపులు, సాన పట్టించిన డ్రమ్ములు. ఆ రెండు కార్బరేటర్లు నా పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో ఉన్నాయి. ఎప్పటికైనా ట్రాకు కోసమే ఓ బండి కట్టాలని మావయ్యా మేనకోడలూ అనుకుంటున్నారు. మరదలు ఖర్చుల పుస్తకం పెట్టింది. ప్రతి రసీదూ చూస్తోంది. "ఈ గాస్కెట్ రెండుసార్లు ఎందుకు కొన్నారు?" అని మొన్న అడిగితే మా తమ్ముడు నీళ్లు నమిలాడు.

మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకుంటానంటోంది. "గోళ్లలో మసి ఉన్న పిల్లని ఎవరు చేసుకుంటారే?" అని మా అత్తయ్యగారు బెంగ పెట్టుకున్నారు. ఆవిడ బెంగని నేను ఎగతాళి చెయ్యను, ఆవిడ చూసిన లోకం అలాంటిది. "మసి కడుక్కుంటే పోతుందత్తయ్యా, నేర్చుకున్నది పోదు" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం మనవరాలి చేతులకి కొబ్బరినూనె రాస్తూ కనిపించారు.

మొన్న ఆదివారం బానెట్ వంచి మా అమ్మాయి ట్యాపెట్లు సరిచేస్తోంది. నేను పక్కన కూర్చుని చప్పుడు వింటున్నాను. "ఇంకొంచెం బిగించాలే, మూడోది ఇంకా కొట్టుకుంటోంది" అన్నాను. బిగించాక తగ్గింది. అంతలో టీ వచ్చింది. తెచ్చింది మా తమ్ముడు. పంచదార ఎక్కువైంది గానీ, ఇద్దరం వంక పెట్టకుండా తాగేశాం.